స్ప్రింగు ఒక్కటే చాలదు

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పీడ్ బ్రేకరుకు ఒక కొలత ఉంది. వెడల్పు 3.7 మీటర్లు, నడిమధ్య ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ఒక ముక్క. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బండి దానిమీద సాఫీగా దాటిపోవాలని ఉద్దేశం. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని ఎలక్ట్రిక్ సైకిలుకు మన మోటారు వాహన నిబంధనలు పెట్టిన హద్దు కూడా అదే 25 కిలోమీటర్లు. మోటారు 250 వాట్లు మించకూడదు. కాగితం మీద చూస్తే ఈ సైకిలూ ఆ స్పీడ్ బ్రేకరూ ఒకదాని కోసం ఒకటి పుట్టినట్టే ఉంటాయి.

కోయంబత్తూరులో ఆవారంపాళయం ఫౌండ్రీ సందుల్లోనో, పీలమేడు లోపలి వీధుల్లోనో తిరిగితే ఆ కొలతకు సరిపోయే గట్టు దొరకడం కష్టం. పిల్లలు ఆడుకుంటారని వీధివాళ్లే సిమెంటు పోసి కట్టుకున్నవి ఎక్కువ. వెడల్పు అడుగున్నరకు లోపే, ఎత్తు మాత్రం ఇంచుమించు పుస్తకంలో ఉన్నంత. మరుదమలై వైపో, తొండాముత్తూరు వైపో వెళ్లి తారు దిగి ఎర్రమట్టి బాట పట్టామా, గట్ల స్థానంలో రాళ్లూ, వేర్లూ, వానకు కోసుకుపోయిన కాలువలూ వస్తాయి. ఎలక్ట్రిక్ హార్డ్‌టెయిల్ కొన్నవాళ్లు కొన్నాళ్లకు ముందు ఫోర్కు మార్చాలని అనుకోవడం మొదలయ్యేది ఇక్కడే. ముందు చక్రానికి మాత్రమే సస్పెన్షన్ ఉండి, వెనుక చక్రం ఫ్రేముకు బిగుసుకుపోయి ఉండే మౌంటెన్ సైకిలే హార్డ్‌టెయిల్. దానికి బ్యాటరీ, మోటారు తోడైతే బరువు 20 కిలోలు దాటుతుంది.

అంగడికి వెళ్లేముందు కాస్త లెక్క చేద్దాం. 3.7 మీటర్ల గట్టును 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి అర సెకను పైచిలుకు పడుతుంది. సెకనుకు 2 ఊపులు ఊగించే నెమ్మదైన కదలిక అది. వీధివాళ్లు కట్టిన 40 సెంటీమీటర్ల గట్టుకు బ్రేకు నొక్కి 15 కిలోమీటర్లకు వచ్చినా, సెకనులో పదోవంతులో దాటేస్తాం. అది సెకనుకు 10 ఊపుల కింద లెక్క.

ఇప్పుడు ఫోర్కు సంగతి. స్ప్రింగుకూ దానిమీది బరువుకూ కలిపి ఒక సొంత ఊపు ఉంటుంది. దాన్ని తెలుసుకోవడానికి స్ప్రింగు గట్టిదనమూ బరువూ విడివిడిగా తెలియనవసరం లేదు. మనిషి బండి ఎక్కినప్పుడు ఫోర్కు ఎంత దిగిందో చూస్తే చాలు. దీన్ని సైకిలువాళ్లు సాగ్ అంటారు. సాగ్ 25 మిల్లీమీటర్లుంటే సొంత ఊపు సెకనుకు 3 సార్లకు కాస్త పైన ఉంటుంది. రోడ్డు ఊపు దీనికంటే నెమ్మదిగా ఉంటే బండి రోడ్డుతోపాటు లేచి, రోడ్డుతోపాటు దిగుతుంది. రెండూ దగ్గరపడితే ఊపు పెరిగిపోతుంది. రోడ్డు ఊపు సొంత ఊపుకు 1.4 రెట్లు దాటిన తర్వాతే ఫోర్కు కుదుపును మింగడం మొదలుపెడుతుంది.

ఈ లెక్కన పుస్తకంలోని గట్టు దగ్గర ఫోర్కుకు పెద్దగా పనిలేదు, బండి మొత్తం మెల్లగా లేచి దిగుతుంది. వీధి గట్టు దగ్గర మాత్రం 10కీ 3కీ మధ్య బోలెడు తేడా ఉంది కాబట్టి కుదుపు చాలావరకు ఫోర్కులోనే ఆగిపోవాలి. మరి ఆగకుండా మణికట్టుదాకా ఎందుకు వస్తోంది? ఫోర్కు ఉంది, స్ప్రింగు ఉంది, 100 మిల్లీమీటర్ల ట్రావెల్, అంటే నొక్కుకోగలిగే దూరం, ఉంది. చక్రం మాత్రం రాయికి కొట్టుకుని హ్యాండిలును విదిలిస్తుంది, తర్వాత ఎగిరి తంతుంది. జవాబు స్ప్రింగులో దొరకదు. రాపిడి దగ్గర వెతకాలి.

దానికి కాస్త వెనక్కి, తొలినాటి బస్సుల కాలానికి వెళ్లాలి. విజయనగర, నాయక రాజుల కాలాల్లో తెలుగువాళ్లు ఈ ప్రాంతానికి వచ్చి పాళయాలుగా, పల్లెలుగా స్థిరపడ్డారు. సూలూరు దగ్గర కలంగల్ అలాంటి ఊరే. గోపాలస్వామి దొరస్వామి నాయుడు, అందరూ పిలిచే పేరుతో జి.డి. నాయుడు, 1893లో అక్కడే పుట్టారు. ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి ఊరికి తెచ్చిన రడ్జ్ మోటారు సైకిలు చూసి ఆ కుర్రవాడికి మనసు నిలవలేదు. కోయంబత్తూరు వచ్చి హోటల్లో పనిచేసి, డబ్బు కూడబెట్టి, ఆ బండినే కొని, విప్పి మళ్లీ బిగించుకున్నారు. 1920లో పొళ్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలైన ఆయన వ్యాపారం యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. 1932లో మొదలైన పైకారా జలవిద్యుత్తు నీలగిరుల నుంచి దిగివచ్చి ఈ ఊరి మిల్లులను తిప్పుతున్న రోజులవి. ఇవాళ సైకిలు చక్రం మధ్యలో తిరిగే చిన్న మోటారు ఈ ఊరివాళ్లకు కొత్త వింతలా కనిపించకపోవడానికి ఆ చరిత్రే కారణం. 2008లో ఆంపియర్ అనే ఎలక్ట్రిక్ వాహనాల కంపెనీ కూడా ఇక్కడే పుట్టింది.

నాయుడు బస్సు నడిపిన తొలినాళ్లలో బస్సుల కింద కమాను కట్టలుండేవి. ఒకదానిమీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు. బరువు పడితే పట్టీలు వంగుతాయి, వంగుతూ ఒకదానిమీద ఒకటి జారుతాయి. ఆ జారడంలో పుట్టే రాపిడే బస్సు ఊపును అణిచేది. పట్టీలు తుప్పు పడితే రాపిడి మితిమీరి బస్సు కర్రలా బిగుసుకుంటుంది. గ్రీజు దట్టంగా పెడితే రాపిడి తగ్గి, గుంతలో పడ్డాక ఊగుతూనే పోతుంది. అక్కడ ఊపును అణచడానికి వేరే సాధనం ఉండేది కాదు, ఆ రాపిడినే నమ్ముకోవాలి. తొలినాటి మోటారు సైకిళ్ల ముందు ఫోర్కులదీ అదే కథ.

రాపిడికి ఒక గుణం ఉంది. ఎంత వేగంగా జారుతున్నామన్నదాన్ని అది దాదాపు పట్టించుకోదు. నెమ్మదిగా జరిపినా, గబుక్కున జరిపినా అంతే బలంతో అడ్డుకుంటుంది. పైగా కదలిక మొదలుకావడానికి కావలసిన బలం, కదులుతూ ఉండటానికి కావలసినదానికంటే ఎక్కువ. ఫలితంగా చిన్న చిన్న గులకరాళ్ల కుదుపులు ఆ మొదటి గడప దాటలేవు. ఫోర్కు అసలు కదలదు, కుదుపు నేరుగా చేతికి వస్తుంది. పెద్ద రాయి తగిలినప్పుడేమో ఆ రాపిడి చాలదు. స్ప్రింగు అడుగంటా నొక్కుకుపోయి, మింగిన శక్తినంతా తిరిగి కక్కుతుంది. చిన్న కుదుపుకు మొండితనం, పెద్ద కుదుపుకు చేతకానితనం. చౌక ఎలక్ట్రిక్ సైకిళ్లకు కంపెనీ బిగించి పంపే కాయిల్ ఫోర్కుల్లో చాలావాటిది ఈ స్వభావమే. వాటిలో స్ప్రింగు ఉంటుంది, ఊపును అణచే నూనె యంత్రం, అంటే డ్యాంపరు, ఉండదు, ఉన్నా పేరుకే. పైపులకూ బుష్‌లకూ మధ్య రాపిడితోనే అవి నెట్టుకొస్తాయి. ఆ సంగతిలో వంద ఏళ్ల కిందటి కమాను కట్ట పక్కనే నిలబడతాయి.

నూనె గుణం వేరు. నీళ్లలో చెయ్యి నెమ్మదిగా ఆడిస్తే అడ్డు తెలియదు, గట్టిగా చరిస్తే నీళ్లు గోడలా నిలబడతాయి. సన్నని రంధ్రంలోంచి నూనెను తోసినప్పుడు కూడా అడ్డు వేగంతోపాటు పెరుగుతుంది. చిన్న కుదుపుకు దారి ఇస్తుంది, పెద్దదాన్ని అడ్డుకుంటుంది. 1935లో బిఎమ్‌డబ్ల్యూ ఆర్12, ఆర్17 మోటారు సైకిళ్లతో నూనె నింపిన టెలిస్కోపిక్ ఫోర్కు అంగడికి వచ్చింది. సైకిలుకు ఆ భాగ్యం పట్టడానికి ఇంకో అర్ధ శతాబ్దం పైన పట్టింది. అమెరికాలో పాల్ టర్నర్ 1989లో రాక్‌షాక్స్ పేరుతో తెచ్చిన తొలి ఫోర్కుకు ట్రావెల్ 50 మిల్లీమీటర్లకు మించలేదు. అయినా మరుసటి ఏడాదే, 1990లో కొలరాడో రాష్ట్రం డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో ఆ ఫోర్కు వేసుకున్న గ్రెగ్ హెర్బోల్డ్ డౌన్‌హిల్ పందెం గెలిచాడు. ఇవాళ అంగట్లో చౌక ఫోర్కుల్లో కూడా దానికి రెట్టింపు ట్రావెల్ ఉన్నవి దొరుకుతాయి. ఈ అధ్యాయం మొత్తంలో పాఠకుడు ఒక్క సంగతే గుర్తుంచుకోగలిగితే దీన్నే గుర్తుంచుకోమంటాను. ఫోర్కు మార్చేటప్పుడు డబ్బు పెట్టవలసింది పొడుగుకు కాదు, అణకువకు. 100 మిల్లీమీటర్ల మంచి డ్యాంపరు ఉన్న ఫోర్కు, 140 మిల్లీమీటర్ల వట్టి స్ప్రింగు ఫోర్కుకంటే అన్ని విధాలా మేలు.

డ్యాంపరు చేసే పనంతా కదలికను వేడిగా మార్చడమే. 75 కిలోల మనిషి, 23 కిలోల సైకిలు, మొత్తం 98 కిలోలు 30 సెంటీమీటర్ల మెట్టు దిగితే సుమారు 290 జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. అదంతా ముందు కాలిలోని 100 మిల్లీలీటర్ల నూనెలోకే వెళ్లిందనుకున్నా నూనె 2 డిగ్రీలు కూడా వేడెక్కదు. అంత చిన్న ధరకు చేతులూ భుజాలూ క్షేమంగా ఉంటాయి. మంచి డ్యాంపరులో నూనె దారికి అడ్డంగా పలచని ఉక్కు బిళ్లల దొంతర ఉంటుంది. ఒత్తిడి పెరిగితే ఆ బిళ్లలు వంగి దారి వెడల్పు చేస్తాయి. ఇది లేక వట్టి రంధ్రమే ఉంటే, చాలా వేగమైన దెబ్బకు నూనె వెళ్లలేక ఫోర్కు క్షణంపాటు గడ్డకట్టినట్టవుతుంది. అణకువ తక్కువైతే ఎగిరి తన్నడం, మితిమీరితే రాయిలా కొట్టడం. నేర్పంతా నడిమధ్య దారి పట్టుకోవడంలో ఉంది.

ఎలక్ట్రిక్ సైకిలుకు ఇదంతా మామూలు సైకిలుకంటే ఎందుకు ఎక్కువ కావాలి? బరువు ఒక కారణం, అయితే అది చిన్న కారణం. 13 కిలోల సైకిలు స్థానంలో 23 కిలోలది వస్తే మనిషితో కలిపి మొత్తం పెరిగేది పదకొండు శాతమే. అసలు తేడా వేగంలో ఉంది. కాలిబలంతో ఎర్రమట్టి ఎత్తు ఎక్కేటప్పుడు 8, 10 కిలోమీటర్ల వేగంలో రాళ్లను తప్పించుకుంటూ పోతాం. మోటారు తోడుంటే అదే ఎత్తును 20 దగ్గర ఎక్కేస్తాం. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. పైగా ఎక్కుడులో కూడా దెబ్బలు పడటం మొదలవుతుంది కాబట్టి ఫోర్కుకు విశ్రాంతి దొరకదు.

బ్రేకు సంగతి కూడా ఇందులోనే చెప్పాలి. ముందు బ్రేకు గట్టిగా పట్టినప్పుడు బరువు ముందుకు దూకుతుంది, ఫోర్కు దిగుతుంది, దాంతోపాటు పైపులు వెనక్కి వంగుతాయి. వంగిన పైపు బుష్‌లో బిగుసుకుంటుంది. గుంత ముందు బ్రేకు పట్టడం ఎవరైనా చేసే పనే. ఫోర్కుకు కదలిక అత్యవసరమైన ఆ క్షణంలోనే అది బిగుసుకుని కూర్చుంటుంది. అందుకే పైపుల లావు ముఖ్యం. గొట్టం గోడ మందం అంతే ఉంచి వ్యాసం పెంచితే, వంగకుండా నిలిచే బలం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 30 మిల్లీమీటర్ల పైపు నుంచి 35కు వెళ్తే అది సుమారు 59 శాతం పెరిగినట్టు. చౌక ఫోర్కుల్లో 28 లేదా 30 మిల్లీమీటర్లు, ఎలక్ట్రిక్ సైకిళ్లకని ప్రత్యేకంగా తయారుచేసేవాటిలో 34 నుంచి 38 దాకా ఉండటం వెనుక లెక్క ఇదే. కొనేటప్పుడు అది ఎలక్ట్రిక్ సైకిలుకు పనికొస్తుందని తయారీదారు రాసి ఇచ్చాడా లేదా చూసుకోవాలి. వాటిలో పైపు గోడలూ, రెండు పైపులూ కలిసే పై కిరీటమూ బలంగా పోస్తారు.

కొనడానికి ముందు మరో పని చేయమని నా మనవి. ఉన్న ఫోర్కును ఒకసారి విప్పించి చూడండి. గాంధీపురం పరిసరాల్లో మోటారు సైకిలు షాకబ్జర్లు విప్పే షెడ్డుకు ఎవరైనా ఇలాంటి సైకిలు తీసుకువెళ్తే మాట ఇలా మొదలవుతుంది.

"ఏం నాయనా, దీనికి గ్రీజు ఎప్పుడు పెట్టినావు?"

"ఫోర్కుకు గ్రీజు కూడా పెట్టల్లా మామా? కొన్నప్పటినించి అట్లే ఉండాది."

"అదే మరి. పైపు చూడు, ఎంత ఎండిపోయి ఉండాదో."

కింద రెండు కాళ్ల అడుగున ఉన్న బోల్టులు వదులు చేసి, వాటి తలమీద రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేస్తే లోపలి కడ్డీలు పట్టు వదులుతాయి. చక్రం పక్కన పెట్టి కాళ్లను కిందికి లాగితే పైపులు బయటపడతాయి. వాటిమీద ముందూ వెనుకా నిలువు గీతలు కనిపిస్తాయి, పక్కల కనిపించవు. బ్రేకు పట్టినప్పుడు పైపు వంగే దిక్కు అదే కాబట్టి బుష్ అక్కడే గీసుకుపోతుంది. సీలు పెదవి లోపల ఎర్రమట్టి గ్రీజుతో కలిసి గట్టిపడి సన్నని వలయంలా అంటుకుని ఉంటుంది. గోటితో గీరితే పొట్టులా రాలుతుంది. కోయంబత్తూరు పడమటి బాటల మట్టిలో సన్నని స్ఫటిక రేణువులుంటాయి, అవి ఉక్కును కూడా అరగదీస్తాయి. తుడిచి, కొత్త సీళ్లు వేసి, రబ్బరును పాడుచేయని ఫోర్కు గ్రీజు పట్టించి బిగిస్తే రాపిడి గడప తగ్గుతుంది. అప్పటిదాకా 40 మిల్లీమీటర్లు దాటి కదలని ఫోర్కు 80 దాకా వెళ్లడం చూడవచ్చు. ఊరి బాటలకే పరిమితమైనవారికి ఇది చాలు. కొత్తది కొన్నవారికి కూడా ఈ పని తప్పదు. నూనెతో నడిచే ఫోర్కు కాళ్లలో నూనెను సుమారు 50 గంటల సవారీకి ఒకసారి మార్చమని తయారీదారులు చెబుతారు. దుమ్ము రోజుల్లో ఇంకా ముందే మార్చడం మంచిది.

ఇక మార్చాలనే తీర్మానించుకున్నవారికి అడుగడుగునా కొలతలు అడ్డొస్తాయి. పాత ఫ్రేముల్లో ఫోర్కు పైన ఉండే స్టీరర్ గొట్టం కిందా మీదా ఒకే లావు, 28.6 మిల్లీమీటర్లు. కొత్త ఫోర్కుల్లో మంచివన్నీ అడుగున 40 దాకా వెడల్పయ్యే రకం. ఫ్రేము తలగొట్టం లోపలి వ్యాసం 44 మిల్లీమీటర్లుంటే బయటికి నిలిచే కోన్ సెట్టు వేసి సర్దుకోవచ్చు. 34 అయితే ఆ ఆశ వదులుకోవాలి, నిటారు స్టీరర్ ఉన్న ఫోర్కే వెతకాలి. చక్రం ఇరుసు కూడా మారుతుంది. పాతది 9 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్, కొత్తది 15 మిల్లీమీటర్ల లావు ఇరుసు. అంటే ముందు హబ్బు, పుల్లలు, కొన్నిసార్లు రిమ్ముతో సహా కొత్త చక్రం. ఈ ఖర్చు ఫోర్కు ధరలో కనిపించదు, ముందే కలుపుకోవాలి. బ్రేకు డిస్కు ఎంత పెద్దదో, కొత్త ఫోర్కు ఎంతవరకు ఒప్పుకుంటుందో కూడా చూసుకోవాలి.

అన్నిటికంటే జాగ్రత్త పొడుగు దగ్గర. కుర్రవాళ్లు 100 తీసి 140 వేయాలని చూస్తారు. ఇరుసు నుంచి కిరీటం వరకు ఫోర్కు 20 మిల్లీమీటర్లు పెరిగితే, సుమారు 115 సెంటీమీటర్ల చక్రాల ఎడం ఉన్న సైకిల్లో తలగొట్టం కోణం ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. ఒక డిగ్రీ వాలితే దిగుడులో బండి నిలకడగా ఉంటుంది, అదీ లాభమే. రెండు డిగ్రీలు వాలితే ఎక్కుడులో ముందు చక్రం తేలిపోయి దారి తప్పుతుంది, కూర్చునే సీటు వెనక్కి జారి నడుము పట్టేస్తుంది. మోటారు వెనుక చక్రంలో ఉన్న బండి అయితే ఎక్కుడులో ముందు మరీ తేలిక. ఇంకో సంగతి కంటికి కనిపించదు. పొడుగు ఫోర్కు తలగొట్టాన్ని మెలిపెట్టే మీటను పొడవు చేస్తుంది. 20 మిల్లీమీటర్లకు పెరుగుదల నాలుగైదు శాతమే కావచ్చు. అయితే ఈ ఫ్రేములు అల్యూమినియంవి. ఉక్కులో ఒక హద్దు లోపల ఎన్ని కుదుపులైనా పగులు పుట్టదు, అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. ప్రతి కుదుపూ ఖాతాలో పడుతూనే ఉంటుంది, ఒత్తిడి కాస్త పెరిగినా ఆయుష్షు చాలా తరుగుతుంది. ఫ్రేము తయారీదారు చెప్పిన పొడుగుకు 20 మిల్లీమీటర్లు మించి వెళ్లవద్దు. ఆ మేరకు వెళ్లడానికైనా వాళ్ల అనుమతి చూసుకోండి. తలగొట్టం అతుకు దగ్గర పగిలిన ఫ్రేము మనిషిని నేరుగా ముఖం మీద పడేస్తుంది.

కొత్త ఫోర్కుల్లో ఉక్కు స్ప్రింగు స్థానంలో గాలి ఉంటుంది. ఎల్జీ (ELGI) కంపెనీ 1960 నుంచి గాలి కంప్రెషర్లు చేస్తున్న ఊరిలో గాలి బలం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 30 మిల్లీమీటర్ల పిస్టను మీద చదరపు అంగుళానికి 100 పౌండ్ల గాలి ఉంటే అది 50 కిలోల బరువును నిలబెడుతుంది. ఉక్కు స్ప్రింగును మనిషి బరువుకు తగినట్టు మార్చాలంటే వేరేది కొనాలి, గాలినైతే పంపు కొట్టి సరిచేసుకోవచ్చు. 55 కిలోల అమ్మాయి, 90 కిలోల ఆమె అన్న ఒకే సైకిలు నడపవచ్చు. గాలికి మరో సుగుణం ఉంది. చోటు సగమయ్యేసరికి ఒత్తిడి రెట్టింపు దాటుతుంది కాబట్టి, చివరికి వచ్చేకొద్దీ స్ప్రింగు తానే గట్టిపడి అడుగు తగలకుండా కాపాడుతుంది. టైరు అంగడి కంప్రెషరుతో మాత్రం ఇందులో గాలి కొట్టించకండి. ఫోర్కులో గాలి చోటు చాలా చిన్నది, ఆ కంప్రెషరు రెప్పపాటులో హద్దు దాటించేస్తుంది. దీనికి గేజి ఉన్న ప్రత్యేకమైన చేతిపంపు దొరుకుతుంది.

గాలి ఎండకూ చలికీ మారుతుందన్న ఫిర్యాదు తరచు వింటాం. లెక్క వేద్దాం. మేట్టుపాళయంలో మధ్యాహ్నం 35 డిగ్రీల దగ్గర గేజి 80 పౌండ్లు చూపేలా గాలి కొట్టారనుకోండి. అదే సైకిలు 2,240 మీటర్ల ఎత్తున ఊటీలో సాయంత్రం 15 డిగ్రీల దగ్గర ఉంది. చలికి ఒత్తిడి 6 పౌండ్లు తగ్గుతుంది. పైన వాతావరణం పలచన కాబట్టి దాదాపు 3 పౌండ్లు తిరిగి వస్తాయి. మొత్తం మీద తగ్గేది 3 పౌండ్ల పైచిలుకు, నాలుగు శాతం. చేతికి తెలిసీ తెలియనట్టు ఉంటుంది, సరిచేయడానికి పంపు నాలుగుసార్లు కొడితే చాలు. నూనె సంగతి అలా కాదు. చలికి చిక్కబడిన నూనె ఫోర్కును మందగింపజేస్తుంది, ఎండకు పలచబడిన నూనె ఎగరనిస్తుంది. కొండ మీద ఫోర్కు మారినట్టు అనిపిస్తే గాలి కంటే ముందు రీబౌండ్ బిరడాను, అంటే నొక్కుకున్న ఫోర్కు తిరిగి లేచే వేగాన్ని మార్చేదాన్ని, ఒకటి రెండు మెట్లు తిప్పి చూడండి.

అమర్చడంలో ఓపిక కావాలి. మీరు మామూలుగా వేసుకునే బట్టలూ, సంచీతో సహా ఎక్కి నిలబడి, పైపు మీది రబ్బరు వలయాన్ని సీలు దాకా దించి, మెల్లగా దిగి సాగ్ కొలవండి. 120 ట్రావెల్ ఉంటే 24 నుంచి 30 మిల్లీమీటర్లు దిగాలి. తర్వాత రీబౌండ్. కాలిబాట అంచు నుంచి కూర్చునే దిగండి. ముందు చక్రం దిగి, ఒక్కసారి లేచి, నిలిచిపోవాలి. రెండోసారి ఊగితే నూనె దారి కాస్త బిగించాలి. లేవడానికి తాత్సారం చేస్తే వదలాలి, లేకపోతే వరుస గుంతల్లో ఫోర్కు లేవకముందే మరో దెబ్బ పడి, అలా దిగుతూ దిగుతూ అడుగంటుతుంది.

ఇంతా చేసి వెనుక చక్రాన్ని మరిచిపోకూడదు. మదురైలో ఇది బాగా తెలుస్తుంది. నాయకుల ఏలుబడిలో రాణి మంగమ్మ వేయించిన బాటలకు దక్షిణాన ఇప్పటికీ ఆమె పేరు నిలిచి ఉంది.  మదురై చుట్టూ నాగమలై అడుగు బాటల్లోనూ, చెరువు కట్టల మీదా, తిరుమంగలం వైపు తెలుగు పల్లెల మధ్య పొలం దారుల్లోనూ ఎదురయ్యేవి పెద్ద రాళ్లు కావు, చక్రాల గాడులు, గట్టిపడిన మట్టిపెళ్లలు. ముందు చక్రం మంచి ఫోర్కుతో వాటిమీద సాఫీగా వెళ్తుంది. వెంటనే వెనుక చక్రం అదే మట్టిపెళ్లకు కొట్టుకుంటుంది. మన దగ్గర అమ్ముడయ్యే ఎలక్ట్రిక్ సైకిళ్లలో చాలావాటికి మోటారు వెనుక హబ్బులోనే ఉంది, దాని బరువు రెండు మూడు కిలోలు. స్ప్రింగు లేని చక్రంలో అంత బరువు వేలాడుతుంటే ప్రతి దెబ్బా రిమ్ముకే. ముందు సుఖంగా ఉంది కదా అని వేగం పెంచినవాళ్ల రిమ్ములు సొట్టబోవడం, పుల్లలు తెగడం, ట్యూబు రెండు చోట్ల పాము కాటులా చిరగడం అందుకే.

వెనుక చక్రానికి ఉన్న ఒకే ఒక స్ప్రింగు టైరు. టీవీఎస్ శ్రీచక్ర కర్మాగారం ద్విచక్ర వాహనాల టైర్లు చేసే ఊరు కాబట్టి మదురై వాళ్లకు టైరు విలువ తెలుసు. ఫ్రేములో చోటు ఉన్నంత లావు టైరు, వీలైతే 2.4 అంగుళాలది, వెనుక వేసుకోండి. అంగడివాడు 50 పౌండ్లు కొట్టి ఇస్తాడు, బొటనవేలికి రాయిలా తగిలితే వాడికి తృప్తి. బాట మట్టిదైతే 30 దగ్గరికి దించండి. మీ బరువు 80 కిలోలు దాటితే రెండు మూడు పౌండ్లు ఎక్కువ ఉంచుకోండి. రిమ్ము రాయికి తగిలిన చప్పుడు వినిపిస్తే మరో రెండు పౌండ్లు కలపండి. అక్కడే మీ హద్దు. పెళ్ల వస్తోందని కనిపించగానే సీటు నుంచి లేచి, మోకాళ్లు, మోచేతులు వదులుగా ఉంచుకోండి. వెనుక చక్రానికి మనిషి కాళ్లకంటే మంచి సస్పెన్షన్ ఈ సైకిలు మీద మరొకటి లేదు, 120 మిల్లీమీటర్ల ఫోర్కు మోకాలి వంపుతో పోటీ పడలేదు. టైరు మార్చడానికయ్యే ఖర్చు ఫోర్కు ఖర్చులో చిన్న భాగం. అందుకని ముందు వెనుక టైరు, తర్వాత పాత ఫోర్కుకు గ్రీజు, ఆ రెండూ చేసి నెల రోజులు నడిపాక కూడా చేతులు నొప్పి పెడుతుంటే అప్పుడు కొత్త ఫోర్కు. ఈ వరసలో వెళ్లమని కోయంబత్తూరు వాళ్లకైనా, మదురై వాళ్లకైనా చెబుతాను.